ప్రభు బల్లా, మెస్సు బల్లా

మన తెలుగు సంఘాల్లో సాక్ష్యం చెప్పే పద్ధతి ఒకటి స్థిరపడిపోయింది. మైకు ముందుకు వచ్చిన సహోదరుడు "ప్రభువు నన్ను రక్షించక ముందు" అని మొదలుపెడతాడు. ఆ తర్వాత వచ్చే జాబితా అందరికీ కంఠతా వచ్చు. తాగేవాణ్ణి, సిగరెట్లు కాల్చేవాణ్ణి, సినిమాలకు పోయేవాణ్ణి, స్నేహితులతో హోటళ్ల వెంట తిరిగేవాణ్ణి. ఇవన్నీ మానేశాను, దేవునికి స్తోత్రం. సంఘం ఆమేన్ అంటుంది. ఇరవై ఏళ్లుగా పరిచర్యలో ఉన్నాను. "రక్షణకు ముందు ఫలానా కులంవాళ్ల ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టేవాణ్ణి కాదు, ఇప్పుడు వాళ్లింట్లో అన్నం తింటున్నాను" అని సాక్ష్యం చెప్పిన మనిషిని ఒక్కణ్ణి కూడా చూడలేదు. ఆ ప్రశ్న అడిగిన కాపరినీ చూడలేదు.

ఈ సంగతి ఇప్పుడు ఎత్తడానికి కారణం ఉంది. నేను వారానికి రెండు మూడుసార్లు మధ్యాహ్న భోజనం ఒక ఆంధ్రా మెస్సులో చేస్తాను. దాని పక్కనే టాస్మాక్ దుకాణం, దాన్ని ఆనుకుని బారు. మా సంఘ పెద్ద ఒకాయన ఈ మధ్య నన్ను పక్కకు పిలిచి చాలా మర్యాదగానే అన్నాడు: "అయ్యగారూ, మీరు ఆ సందులోకి వెళ్లడం సాక్ష్యానికి మంచిది కాదు. తిండి కావాలంటే ఇంటి నుంచి క్యారియర్ పంపిస్తాం." ఆయన మంచివాడు. ప్రేమతోనే అన్నాడు. ఆ క్యారియర్ వెనుక ఉన్న బోధ మాత్రం తప్పు అని నేను అనుకుంటున్నాను. అది ఆయన ఒక్కడి బోధ కాదు, మనందరిదీ. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ సందు ఎలా ఉంటుందో చెప్పాలి. చూడనివాళ్లు దాన్ని పాపకూపంలా ఊహించుకుంటారు కాబట్టి.

ఉత్తర చెన్నైలో ఇలాంటి సందులు కొల్లలు. మెస్సు పాతది, ఇరుకుది. రాతి పలక బల్లలు, బల్లకు నాలుగు కుర్చీలు, స్టీలు గ్లాసులు. గోడ మీద వేంకటేశ్వరస్వామి పటం, దాని పక్కన కృష్ణుడి వేషంలో రామారావు. యజమాని నెల్లూరు వైపు మనిషి. అరిటాకు మీద ముందు ముద్దపప్పు, నెయ్యి, పప్పుల పొడి పడతాయి. తర్వాత గోంగూర, ఒక వేపుడు, పులుసు, చారు, పెరుగు. కావాలంటే కోడివేపుడో రొయ్యల వేపుడో వేరేగా. కారం నిజంగానే కారం. తమిళ సోదరులు ముక్కు తుడుచుకుంటూ, నీళ్లు తాగుతూ, మళ్లీ పొడి అడుగుతారు. ఆ దృశ్యం చూడటం నాకు ఇష్టం, దాచడం ఎందుకు.

ఆ మెస్సుకు ఒక కట్టడి ఉంది. మీరెవరితో కూర్చోవాలో మీరు నిర్ణయించుకోలేరు. కుర్చీ ఎక్కడ ఖాళీ అయితే అక్కడ కూర్చోవాలి. బ్యాంకు గుమాస్తా ఎదురుగా హార్బర్ కూలీ, లాయరు పక్కన ఆటో డ్రైవరు. కొత్త రెస్టారెంట్లలో ఇది పోయింది. అక్కడ మీ కుటుంబానికి మీ బల్ల ఉంటుంది, ఇంకాస్త డబ్బుంటే ఏసీ హాలు ఉంటుంది. పాత మెస్సు ఏ ఆదర్శంతోనూ మనుషుల్ని కలపలేదు. స్థలం లేక, తొందరలో, లాభం కోసం కలిపింది. కలపడం మాత్రం కలిపింది.

ఇక పక్కనున్న బారు. తమిళనాడులో మామూలు హోటలు మద్యం పోయడానికి వీల్లేదు. స్టార్ హోటళ్లకూ క్లబ్బులకూ లైసెన్సులున్నాయి. ఉన్నవాళ్లు చల్లటి గదిలో మెత్తటి కుర్చీలో తాగుతారు. లేనివాడికి మిగిలింది టాస్మాక్ దుకాణం కిటికీ, దాని పక్కన కాంట్రాక్టరు నడిపే రేకుల షెడ్డు. అక్కడ వేరుశనగలూ ఉడికించిన గుడ్లూ అమ్ముతారు, ఖాళీ సీసాలు ఏరుకుంటారు. అందులో తాగి, ఆకలేసినవాడు పక్క గుమ్మం ఎక్కి మెస్సులో అన్నం తింటాడు. మెస్సూ బారూ ఒకే చూరు కింద లేకపోయినా సందంతటికీ అవి ఒకటే.

నేను మద్యాన్ని సమర్థించడం లేదు. ఎవరూ అలా అర్థం చేసుకోకూడదు. నేను పాతిపెట్టిన మనుషుల్లో నలభై దాటనివాళ్లు ఎంతమందో, వాళ్ల కాలేయాలు ఏమయ్యాయో నాకు తెలుసు. కానీ ఆ షెడ్డును నిలబెట్టింది ఎవరు? టాస్మాక్‌ను 1983లో ప్రభుత్వమే పెట్టింది. 2003 చివరి నుంచి చిల్లర అమ్మకం కూడా తన గుత్తాధిపత్యమే చేసుకుంది. 2024-25లో దానిమీద రాష్ట్రానికి వచ్చిన పన్నుల ఆదాయం 48 వేల కోట్లు దాటింది. రోజుకు 130 కోట్ల పైమాట. ఆ సొమ్ములో పెద్ద భాగం ఎవరి కూలి? 2024 జూన్‌లో కళ్లకురిచ్చిలో కల్తీ సారా తాగి అరవై మందికి పైగా చచ్చిపోయారు. ఎక్కువమంది రోజుకూలీలు. ఆ వారం మన ప్రసంగాలు ఎవరి మీద సాగాయి? "పాపము వలన వచ్చు జీతము" అంటూ చచ్చినవాళ్ల మీదే సాగాయి. మిథనాల్ రవాణా చేసినవాడి గురించి, కళ్లు మూసుకున్న అధికారి గురించి ఒక్క ముక్క రాలేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఇంతకన్నా తెలివిగా ఆలోచించారు. మొగుళ్లకు నీతిబోధ చేస్తూ కూర్చోలేదు. సారా దుకాణం మీదికి పోయారు, ఆ తర్వాత వేలంపాటల్నే ఆపించారు. అక్షరాలు అప్పుడప్పుడే నేర్చుకుంటున్న ఆడవాళ్లు వాళ్లు. వేదాంత కళాశాలలో పట్టా పుచ్చుకున్న మనం ఇంకా సీసా పట్టుకున్న చెయ్యి దగ్గరే ఆగిపోయాం.

కాబట్టి తాగొద్దు అని చెప్పడంలో నాకు పేచీ లేదు. నా పేచీ మరొకటి. తాగొద్దు అన్న మాటను రక్షణకు గీటురాయిగా పెట్టుకుని, దాని చాటున ఇంకొక గీటురాయిని మనం పారేశాం. ఆ పారేసినది ఈ ఊరిలోనే, మద్రాసులోనే ఒకప్పుడు గట్టిగా వాడినది.

1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ దక్షిణాది మిషనరీలకు ఒక లేఖ రాశాడు. సంఘంలో కులం ఉండటానికి వీల్లేదనీ, తక్షణం, పూర్తిగా తీసేయాలనీ దాని సారాంశం. అప్పటికి గుడిలో ఎవరి చోటు వారిది. ప్రభు పాత్ర ముందు అగ్రకులంవాళ్ల పెదవులకు తగలాలి, ఆ తర్వాతే మిగిలినవాళ్లకు. ఆ లేఖ మీద తంజావూరులోనూ ఇక్కడ వేపేరీలోనూ పెద్ద గొడవ జరిగింది. క్రీస్తును వదలడానికి సిద్ధపడకపోయినా, ఆ గిన్నె వరసను వదులుకోలేక గుడి విడిచి వెళ్లినవాళ్లు ఉన్నారు. 1850లో మద్రాసు మిషనరీ మహాసభ ఒక తీర్మానం చేసింది. కులం విడిచానని చెప్పేవాడు దళితులతో కలిసి, వాళ్లు వండినది తిని చూపించాలి. అలా తినని వాడు బాప్తిస్మానికీ, ప్రభు బల్లకూ తగడు. అందుకోసం విందులు పెట్టారు. వాటికి వాళ్లు పెట్టిన పేరు ప్రేమవిందు. అవును, మనం పండుగ ఆదివారాల్లో ఆరాధన అయ్యాక చికెన్ బిర్యానీ పొట్లాలు పంచుతూ వాడే మాటే.

ఆ మిషనరీలను పూలదండలు వేసి ఊరేగించాలని నేను అనడం లేదు. వాళ్లున్న ఊళ్లోనే 1832లో పుట్టిన మద్రాసు క్లబ్బు భారతీయుణ్ణి సభ్యుడిగా గుమ్మం ఎక్కనివ్వలేదు. వంటవాళ్లు మాత్రం మనవాళ్లే. తెల్లవాడు తన బల్ల సంగతి వదిలేసి మన బల్లను పరీక్షించాడు అంటే అందులో నిజముంది. లైప్జిగ్ లూథరన్ మిషన్ ఆ తీర్మానానికి ఒప్పుకోలేదు. కులం లోకవ్యవహారమనీ, బలవంతంగా ముద్ద మింగించినంత మాత్రాన మనసు మారదనీ వాళ్ల వాదన. బలవంతం గురించి వాళ్లు చెప్పింది నేను ఒప్పుకుంటాను. కానీ నూట డెబ్బై ఏళ్ల తర్వాత లెక్క చూడండి. మనసు దానంతటదే మారుతుందని వదిలేసిన సంఘాల్లో ఎంత మారింది? పెళ్లి సంబంధాల పేజీ తీసి చదివితే తెలుస్తుంది. క్రైస్తవ వరుడు, పక్కనే కులం పేరు.

సంఘం వదిలేసిన పనిని బయటివాళ్లు చేశారు. రైల్వే స్టేషన్లలో బ్రాహ్మణులకు విడిగా ఉన్న ఫలహారశాలల మీద ఆత్మగౌరవ ఉద్యమం పోరాడింది, 1941లో అవి పోయాయి. 1957లో ట్రిప్లికేన్‌లో మురళీ కేఫ్ బోర్డు మీద ఉన్న "బ్రాహ్మణాళ్" అనే మాట తీసేయమని పెరియార్ మనుషులు నెలల తరబడి రోజూ వెళ్లి అరెస్టయ్యారు. వందల మంది జైలుకు పోయారు. చివరికి బోర్డు మారింది. దేవుడు లేడన్నవాళ్లు బల్ల కోసం జైలుకు వెళ్తుంటే, బల్ల దగ్గర దేవుడు కనబడతాడని చెప్పే మనం ఎక్కడున్నాం? ఆ రోజుల సంఘ చరిత్రలు తిరగేస్తే ప్రతిష్ఠ పండుగలూ, శిలాఫలకాలూ కనిపిస్తాయి.

బోర్డులు పోయినా గోడలు కొత్తగా లేస్తూనే ఉన్నాయి. 2018 డిసెంబరులో ఐఐటీ మద్రాసు భోజనశాలలో శాకాహారులకు వేరే ద్వారం, చేతులు కడుక్కోవడానికి వేరే చోటు అంటూ కాగితాలు అంటించారు. విద్యార్థులు అల్లరి చేశాక తీసేశారు. అంతకు ముందు ఏడాది అక్కడే బీఫ్ తిన్నందుకు ఒక విద్యార్థిని కొట్టారు. 2022 మేలో ఆంబూరు బిర్యానీ పండుగలో బీఫ్ బిర్యానీ లేకుండా చేయబోతే, రాష్ట్ర ఎస్సీ ఎస్టీ కమిషన్ కలెక్టరుకు నోటీసు పంపింది. పండుగే వాయిదా పడింది. ఒక ప్రభుత్వ కమిషన్‌కు అది వివక్షగా కనిపించింది. మా సంఘ కమిటీకి అది "క్రమం"గా కనిపిస్తోంది. ఆ సంగతికి వస్తాను.

దానికి ముందు మెస్సు గుమ్మం దగ్గర నిలబడే ఒక అక్క గురించి చెప్పాలి. మెస్సును పొగిడి వదిలేస్తే అబద్ధమవుతుంది.

ఆమె మా సంఘ విశ్వాసి. వీధులు ఊడ్చే పని. ఈ నగరాన్ని ఊడ్చేవాళ్లలో తెలుగు మాట్లాడే దళితులు చాలామంది. తాతల కాలంలో నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి మద్రాసు కార్పొరేషన్ పాకీ పనిలో చేరినవాళ్ల పిల్లలు. ఇక్కడి ప్రభుత్వం 2009లో అరుంధతీయులకు ఇచ్చిన మూడు శాతం రిజర్వేషన్ జాబితాలో ఆది ఆంధ్ర, మాదిగ అనే పేర్లు రెండూ ఉన్నాయి. అయితే బాప్తిస్మం తీసుకున్నట్టు కాగితం మీద రాస్తే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులం హోదా పోతుంది. అందుకని ఆదివారం ఒక పేరు, సర్టిఫికెట్టులో ఇంకొక పేరు. ఆ రెండో పేరు చూసి ఆమె విశ్వాసం బలహీనమని ముక్కు విరిచే పెద్దలు మన మధ్యనే ఉన్నారు. వాళ్ల పిల్లలకు ఆ సర్టిఫికెట్టు అవసరం రాలేదు కాబట్టి వాళ్ల విశ్వాసం బలంగా ఉంది.

తెల్లవారక ముందే మొదలైన డ్యూటీ దిగి ఆమె మధ్యాహ్నం మెస్సుకు వస్తుంది. లోపల కుర్చీలు ఖాళీగా ఉన్నా గుమ్మం పక్కనే నిలబడి పార్సిల్ కట్టించుకుంటుంది. ఒకరోజు అడిగాను.

"లోపల కూర్చుని తినమ్మా. డబ్బు ఎలాగూ ఇస్తున్నావు కదా."

"ఒద్దులే అయ్యగారూ. ఒంటి మీద చెత్త వాసన."

"ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"అనేదాకా ఎందుకు కూర్చోవాల?"

ఆ మెస్సులో ఏ బోర్డూ లేదు. యజమాని ఎవర్నీ వెళ్లగొట్టడు. సర్వర్లు ఆమెను "అక్కా" అనే పిలుస్తారు. అయినా గుమ్మం దగ్గర గీత ఉంది, దాన్ని చూడటానికి ఆమెకు బోర్డు అవసరం లేదు. మన ఊళ్లలో హోటళ్ల చూరులో దళితులకు వేరే గ్లాసు దోపి ఉంచిన రోజులు మన నాన్నలకు తెలుసు. ఆ గ్లాసు చూరులోంచి దిగి మనిషి లోపలికి వెళ్లింది, అంతే.

2025 ఆగస్టు 1 నుంచి ఇలాంటి అక్కలే రిప్పన్ బిల్డింగ్ ఎదుట కూర్చున్నారు. రాయపురం, తిరు.వి.క. నగర్ జోన్లలో చెత్త పనిని ప్రైవేటు కాంట్రాక్టుకు ఇవ్వడం మీద పోరాటం అది. చేతికి వస్తున్న సుమారు ఇరవైమూడు వేల జీతం కాంట్రాక్టు కింద పదహారు, పదిహేడు వేలకు పడిపోతుందన్నది వాళ్ల ప్రధాన భయం. పదమూడు రోజులు ఎండలో, వానలో పేవ్‌మెంటు మీదే ఉన్నారు. ఆగస్టు 13 అర్ధరాత్రి పోలీసులు ఈడ్చుకెళ్లి బస్సులెక్కించారు. మర్నాడు మంత్రివర్గం కూర్చుని పారిశుధ్య కార్మికులకు కొన్ని పథకాలు ప్రకటించింది. అందులో ఒకటి ఉచితంగా ఉదయం టిఫిన్.

ఆకలితో పనికొచ్చే ఆడమనిషికి ఇడ్లీ పెట్టడం తప్పని ఎవరంటారు? పెట్టనివ్వండి. కానీ వాళ్లు అడిగింది ఏమిటి, దొరికింది ఏమిటి? ఉద్యోగం అడిగితే టిఫిన్. ఎవరి చేతిలోనైనా పెట్టి పంపేసేది టిఫిన్. ఉద్యోగం అంటే బల్ల దగ్గర కుర్చీ. దానధర్మాలతో మన సంఘాలు ఎన్నో ఏళ్లుగా చేస్తున్నది ఇదే కాబట్టి ప్రభుత్వాన్ని నిలదీసే నోరు మనకు లేకపోయింది. ఆ పదమూడు రోజుల్లో రిప్పన్ బిల్డింగ్ దగ్గరకు ఎర్రజెండాల వాళ్లు వచ్చారు, సినిమావాళ్లు వచ్చారు, లాయర్లు వచ్చారు. తెల్ల అంగీ వేసుకుని వచ్చిన కాపరులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఇక మా ప్రేమవిందు. పేరు ప్రేమవిందే అయినా వంట కేటరింగ్ వాళ్లది. వండి తెచ్చేవాళ్ల కులం ఎవరూ అడగరు, అడగకుండానే అందరికీ తెలుసు. బీఫ్ ఉండదు. ఎందుకు ఉండదని కమిటీలో అడిగాను. "కొత్తగా వచ్చే కుటుంబాలు అభ్యంతరపడతాయి" అన్నారు. సహోదరుణ్ణి అభ్యంతరపరచకూడదని పౌలు రాశాడు కదా అని ఒకాయన వాక్యం కూడా చూపించాడు. మా అక్క ఆ రోజు ఏం చేస్తుందంటారా? అందరూ తిన్నాక గిన్నెలు కడుగుతుంది. ఎవరూ చెప్పరు. ఎప్పట్నుంచో కడుగుతోంది.

వాక్యం తీశారు కాబట్టి వాక్యం దగ్గరే మాట్లాడుకుందాం. రోమా పత్రిక 14వ అధ్యాయంలో పౌలు ఒక పక్షానికే బుద్ధి చెప్పలేదు. తినేవాడు తిననివాణ్ణి తృణీకరించకూడదు అన్న నోటితోనే, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదని కూడా అన్నాడు. మనం మొదటి సగం చదివి పుస్తకం మూసేస్తున్నాం. పైగా అక్కడ ఆయన కాపాడమన్నది బలహీనుణ్ణి. మా సంఘంలో ఎవరు బలహీనులు? సొంత ఇల్లు, కారు, కమిటీలో ఓటు ఉన్న కొత్త కుటుంబమా? గిన్నెలు కడిగే అక్కా? తన ఇంట్లో వండుకునే కూర పేరును గుడిలో గుసగుసగా చెప్పుకోవాల్సిన మనిషి మనస్సాక్షిని ఎవరు గాయపరుస్తున్నారు?

దీనికి సరిగ్గా అతికే సందర్భం గలతీ పత్రిక రెండో అధ్యాయంలో ఉంది. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి తింటూ ఉన్నాడు. బాగానే తిన్నాడు. ఇంతలో యెరూషలేము నుంచి కొందరు వచ్చారు. వాళ్లను చూసి మెల్లగా బల్ల నుంచి లేచిపోయాడు. బర్నబా అంతటివాడు కూడా ఆ వెంటే పోయాడు. పేతురు ఎవర్నీ తిట్టలేదు, ఎవర్నీ వెళ్లగొట్టలేదు. కొత్తగా వచ్చినవాళ్లు అభ్యంతరపడతారని అనుకున్నాడు, అంతే. మా కమిటీ చెప్పిన కారణమే. పౌలు దాన్ని క్రమం అనలేదు. అందరి ముందూ, ముఖాముఖిగా, ఇది సువార్తకే విరుద్ధమన్నాడు. ప్రపంచంలో మొదటి పెద్ద సంఘ వివాదం ఎవరు తాగారన్న దాని మీద రాలేదు, ఎవరితో తిన్నారన్న దాని మీద వచ్చింది. కొరింథులో తాగినవాళ్లు కూడా ఉన్నారు, నిజమే. ప్రభు రాత్రి భోజనానికి వచ్చి కలిగినవాళ్లు ముందే తిని మత్తెక్కి కూర్చుంటే, పనులు ముగించుకుని ఆలస్యంగా వచ్చిన పేదలకు ఏమీ మిగల్లేదు. అక్కడ పౌలు కోపం చదవండి. లేనివాళ్లను సిగ్గుపరచడం దగ్గర ఆ కోపం మండుతుంది. ఆయన ప్రభువునైతే తిండిపోతనీ తాగుబోతనీ అన్నారు, ఆయన కూర్చున్న బల్లల వల్ల. మనల్ని ఎవరూ అలా అనకపోవడం మన పరిశుద్ధతకు గుర్తని మనం అనుకుంటున్నాం.

ఇక్కడ ఇంకొక మాట, కాస్త పక్కకు పోయినా సరే. బీఫ్ వద్దనడానికి "మన సంస్కృతి" అనే సాకు ఒకటి ఉంది. మెస్సులో విస్తరి ముందు కూర్చుని ఆ మాట అనేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. వాళ్లు అన్నంలో కలుపుకుంటున్న ఎండుమిరపకాయ ఈ నేలది కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో 16వ శతాబ్దంలో దిగింది. అంతకు ముందు మనవాళ్ల కారం మిరియమే, ఆ మిరియం పేరే మిరపకు అంటుకుంది. క్రీస్తు విదేశీయుడు, గుంటూరు మిరప మాత్రం స్వదేశీ అట. మిరపకాయకు వెయ్యేళ్ల ముందే కేరళ తీరంలో క్రైస్తవులు ఉన్నారు. ఇంతకీ ఆ మిరపను కోసేది ఎవరు? ఆదోని, కోసిగి వైపు నుంచి పిల్లాపాపలతో గుంటూరు, పల్నాడు చేలకు వలసపోయే కూలి ఆడవాళ్లు. సాయంత్రానికి చేతులు మండిపోయి, ఆ చేత్తో పసిపిల్లను ఎత్తుకోవడానికి భయపడతారు. 2025లో ధర కుప్పకూలి కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల లెక్క ప్రకటించినప్పుడు రైతు గురించి మాట్లాడారు, మాట్లాడాల్సిందే. కోసినదాని కూలి గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆంధ్రా కారం అని మనం మీసం తిప్పేటప్పుడు ఆ మంట ఎవరిదో కూడా గుర్తుండాలి.

అదే పల్నాటిలో బ్రహ్మనాయుడి చాపకూడు కథ ప్రతి తెలుగువాడికీ తెలుసు. అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడని, మాల కన్నమదాసును కొడుకుగా చూసుకున్నాడని చెప్పుకుంటారు. కారెంపూడి వీరుల పండుగలో ఇప్పటికీ చాపకూడు జరుగుతుంది. ఎనిమిది వందల ఏళ్ల కిందటి వైష్ణవుడికి తట్టినది, క్రీస్తు శరీరాన్ని విరిచి పంచుకునే మనకు ఎందుకు తట్టడం లేదు? తట్టకపోవడం కాదు. తట్టింది, చేశాం, వదిలేశాం. వేపేరీలో ఉన్న సాక్ష్యం అదే.

కాబట్టి మా కమిటీ ముందు ఒక ప్రతిపాదన పెట్టాను. ఈ పత్రిక చదివే సంఘాల ముందు కూడా పెడుతున్నాను. ఈసారి ప్రేమవిందు కేటరింగ్ వాళ్లకు ఇవ్వొద్దు. పారిశుధ్య కార్మికుల కుటుంబాలు వాళ్ల ఇళ్లలో, వాళ్ల చేత్తో, వాళ్లు పండుగకు వండుకునే వంట వండాలి. ఖర్చు సంఘానిది, వండినందుకు కూలి కూడా సంఘానిదే. సేవ అని చెప్పి ఊరకే చేయించుకోవద్దు. బీఫ్ ఉంటుంది. అలవాటు లేనివాళ్లు, ఒంటికి పడనివాళ్లు అన్నం, పప్పు, కోడికూర తింటారు. తినమని ఎవరూ ఎవర్నీ బలవంతపెట్టరు, 1850 నాటి పొరపాటు మనం చేయనక్కర్లేదు. బంతి మాత్రం ఒక్కటే. వేరే వరస లేదు, పార్సిల్ లేదు.

దీనికి వచ్చిన అభ్యంతరాల్లో ఒక్కటి మాత్రం నన్ను ఆలోచింపజేసింది. ఆ అక్క కొడుకే అడిగాడు, డిగ్రీ చదువుతున్నాడు. "అయ్యగారూ, మా అమ్మ ఎన్నాళ్లు వండి నిరూపించాలి? తినేవాళ్లు పరీక్ష రాస్తున్నారు సరే, ఆ పరీక్షకు మా వంటిల్లు ఎందుకు ప్రశ్నపత్రం కావాలి?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. వాళ్లమ్మతోనూ మిగతా కుటుంబాలతోనూ కూర్చుని అడిగాను. "వండుతాం, కానీ గిన్నెలు మేం కడగం" అన్నారు. ఆ షరతు ప్రతిపాదనలో రాసుకున్నాం. గిన్నెలు కమిటీ సభ్యులు కడుగుతారు.

ఇంకొకటి. పెద్దలు కొందరు "మేము వడ్డిస్తాం అయ్యగారూ, దాసుల్లాగా సేవ చేస్తాం" అని ఉత్సాహపడ్డారు. వద్దన్నాను. వడ్డించేవాడు నిలబడి ఉంటాడు, తిన్నాడో లేదో ఎవరూ చూడరు. ఆ రోజు పెద్దలు కూర్చోవాలి, ఆమె పక్కన కూర్చోవాలి, విస్తరి ఖాళీ చేయాలి. సాక్ష్యాల వేళలో కూడా ఒక ప్రశ్న కలుపుతున్నాం. మందు మానావా అని ఎలాగూ అడుగుతాం, అడుగుదాం. ఈ ఏడాది ఎవరి ఇంట్లో తిన్నావు, ఎవర్ని నీ ఇంటికి పిలిచావు అని కూడా అడుగుతాం. బాప్తిస్మం కోసం వచ్చేవాళ్లను మాత్రమే కాదు, ఇచ్చేవాళ్లను కూడా.

కమిటీలో ఏడుగురిలో నలుగురు సరేనన్నారు, ఇద్దరు వద్దన్నారు. క్యారియర్ పంపిస్తానన్న పెద్ద ఆలోచించుకుంటానన్నాడు. వచ్చే నెల మొదటి ఆదివారం ఆరాధన పన్నెండున్నరకు ముగుస్తుంది. చాపలు గుడి ఆవరణలోనే వేస్తాం.